చదివింపు

గ్రీమ్స్‌పేటలో చెప్పుల కొట్టు మిద్దెమీద
సాయంత్రం ఏడింటి క్లాసు.
అరుళ్‌దాసు సారు బోర్డు మీద ఒక మాట రాసి
వేళ్ళకంటిన సుద్ద ఊదుకున్నాడు:
గిఫ్టెడ్.

తెలిసిన మాటే కదా అని
కాలేజీ పిల్లకాయల కంటే ముందు చెయ్యెత్తినా,
ముప్పై ఎనిమిదేండ్లదాన్ని.
"మై బ్రదర్ గిఫ్టెడ్ మీ వన్ శారీ."
సారు నవ్వలేదు.
"అది క్రియమ్మా. నేనడిగింది విశేషణం.
చీరకు కాదు, మనిషికి తగిలించు."

మనిషికి ఎట్ల తగిలించేది?
బెల్లం మండీలో పదకొండేండ్లుగా
బుట్టలకు చీటీలు తగిలిస్తా ఉండా:
పేరు, ఊరు, తూకం, రకం.
బెంగళూరు కంపెనీవోళ్ళు వస్తే
ఆ నాలుగూ ఇంగ్లీషులో చెప్పాలనే
ఈ మెట్లెక్కింది.
మనిషికి తగిలించే చీటీ చేతికి రావడం ఇదే మొదలు.

ఇంటికి పోయే బస్సులో
ఆ మాటను చప్పరిస్తా కూర్చున్నా.
మన పక్క ఇట్ల అనరు.
అబ్బింది అంటాం.
పాట అబ్బింది, ఈత అబ్బింది, నాకు లెక్కలు అబ్బినాయి.
అబ్బేదానికి ఇచ్చేవాడు అక్కర్లేదు,
చలిజ్వరం మాదిరి అదే వచ్చి తగులుకుంటుంది.
ఇంగ్లీషులో అట్ల కాదు, ఎవురో ఇచ్చినారు.
ఇచ్చినవాడి పేరు మాత్రం
వాక్యంలో యాడా లేదు.

ఆదివారం పూతలపట్టు దాటి
మొగిలప్ప మామ పెనం కాడికి పోయినా.
ఆయన గరిటె ముంచడు.
నీళ్ళలో బొట్టు వేసి చూడడు.
బుడగ పగిలే సప్పుడు ఇని
"దించండ్రా" అంటాడు.
ఆ సరుకు మండీలో మధ్యాన్నం దాకా ఉండదు.
చీటీలు రాసేది నేనే, నాకు తెలుసు.

"మామా, నువ్వు గిఫ్టెడ్" అన్నా.
పలకడం బాగానే వచ్చింది.
"అంటే?"
"అంటే... నువ్వు పుట్టినప్పుడే ఎవురో
ఈ పనితనం నీకు చదివించినారని."

తలగుడ్డ ఇప్పి మొకం తుడుచుకున్నాడు.
"చదివింపులా? పెండ్లిలో మైకు పెట్టి చెప్తారే, అదా?
ఫలానా ఊరు, ఫలానా వాళ్ళు, నూటపదార్లు అని?
అది పుస్తకంలో ఎక్కుతుంది గదమ్మే.
వాళ్ళింట్లో కార్యమైతే మనం తిరిగి పెట్టాల.
నేను ఎవురికి బాకీ?"

జవాబు నా నోట్సులో లేదు.

పొయ్యి నోటి కాడ పిప్పి ఎగదోస్తా
గుర్రప్ప చిన్నమామ తలెత్తలా.
ముప్పై ఏండ్లుగా అదే పెనం, అదే పొగ,
ఇద్దరికీ రెండేసి చెవులే.
ఆయన దించమన్న పాకం
ఒకసారి తీగ, ఒకసారి రాయి.
అడగడం మానేసినారు. ఆయనా చెప్పడం మానేసినాడు.

మామ గొంతు తగ్గించినాడు.
"వానికి ఏం మాట ఉండాది, మీ క్లాసులో?"

నేను పోయి చిన్నమామ పక్కన కూర్చోని
కాసేపు పిప్పి తోసినా.
"అంత తోయకమ్మే, మంట మింగేస్తుంది.
ఊపిరి ఇడిచినట్ల తోయాల" అన్నాడు.
ఆ దినం ఆయన మాట్లాడింది అంతే.

మంగళవారం పది వాక్యాలు రాసుకురమ్మంటే
రెండే రాసుకుపోయినా.
మొగిలప్ప ఈజ్ గిఫ్టెడ్.
గుర్రప్ప కీప్స్ ది ఫైర్.

మొదటిదానికి టిక్కు పెట్టి
సారు ఎర్ర పెన్ను రెండోదాని మీద నిలబడింది.
"ఇందులో విశేషణం ఏదమ్మా?"
"లేదు సార్."

కింద చెప్పుల కొట్టు షట్టరు
దడదడమని దించినారు.
పెన్ను ఉలిక్కిపడి ఒక గీత గీసింది.
టిక్కు కాదు, తప్పూ కాదు.
సారు దాన్ని దిద్దలేదు.