వడి

పంతొమ్మిదేళ్ళుగా
ఎడమ నుంచి కుడికి రాశాను, కుడి నుంచి ఎడమకి తుడిచాను.
సుద్దముక్క ఎంత వేగంతో అరుగుతోందని
ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.
ఎక్స్ పవర్ ఎన్ అంటాను.
ఎన్ కిందికి దిగుతుంది, పైన ఒకటి తరుగుతుంది.
అరవై ముగ్గురూ ఒక్క గొంతుతో అప్పజెబుతారు.
రేకుల మీద వాన:
ఏ చినుకుదీ విడిగా వినపడదు.

నేను చదువుకున్నప్పుడు అది అవకలనం.
అవధి, స్పర్శరేఖ, అవిచ్ఛిన్నత...
అర్థం కాకపోయినా నోట్లో కాసేపు నిలిచే మాటలు.
వీళ్ళకి డిఫరెన్షియేషన్.
పుస్తకం ఇంగ్లీషు, గైడు ఇంగ్లీషు,
సందేహం మాత్రం తెలుగులో పుట్టి
గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది.

"ఎప్సిలాన్ ఎంత చిన్నదిచ్చినా
దానికో డెల్టా దొరకాలి" అన్నానోసారి.
వెనక బెంచీలోంచి ఎవరో,
"మనం ఉన్నది అందులోనే కదండీ."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వాక పాఠం ఎక్కడ ఆపానో మర్చిపోయాను.

నేతల దీవెనకి ఇంటర్నల్లో నలభైకి పదకొండు.
"డీవై బై డీఎక్స్ అంటే ఏంటమ్మా?"
కోప్పడ్డానికి ముందు అడిగే ప్రశ్న అది.
మామూలుగా మూడు లెక్కపెట్టేలోపు
జవాబు నేనే చెప్పేస్తాను.
ఆ రోజు గొంతు బొంగురుపోయింది. ఊరుకున్నాను.
ఫ్యాను తిరిగింది.
కాలువలో గుర్రపుడెక్క తీస్తున్న పొక్లెయిను ఒకసారి దగ్గింది.
కిటికీలోంచి చూస్తూ ఆ పిల్ల అంది:

"మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరండి.
వరదప్పుడు ఏటిగట్టు మీదే పడక.
గేజి రాయి మీద టార్చి వేసి నన్ను చదవమంటాడండి.
పన్నెండడుగులంటే పట్టించుకోడు.
ఇందాక ఎంత, ఇప్పుడెంత, మధ్యలో ఎంతసేపు, అంటాడు.
గంటకోసారి చూస్తామండి, వడి ఎక్కువైతే అరగంటకి,
ఇంకా ఎక్కువైతే కళ్ళు తీయకుండా."

ఎచ్ సున్నాకి చేరుతుందని
బోర్డు మీద ఎన్నివందల సార్లు రాశాను!
సున్నా దగ్గర నిలబడి కళ్ళార్పకుండా చూసినవాళ్ళు
మూడో బెంచీలో కూర్చుని ఉన్నారని తెలీదు.

"తగ్గాక పడుకుంటారా?" అన్నాను.
"ఆయ్, తగ్గేదాకా ఎవరాగుతారండి?
పెరుగుతానే ఉంటదండి.
పెరగడం తగ్గుద్ది.
గంటకి ఐదంగుళాలు, తర్వాత మూడు, తర్వాత ఒకటిన్నర.
అప్పుడు మా నాన్న బీడీ వెలిగిస్తాడు."

రెండో అవకలజం. రుణ సంజ్ఞ.
అది చెప్పడానికి నాకు రెండు వారాలూ
నాలుగు రంగుల సుద్దలూ పట్టేవి.

మర్నాడు బోర్డు జోలికి పోలేదు.
రొయ్యల చెరువులో ఆక్సిజను
తెల్లారుజామున ఎట్లా జారిపోతుందో
ఏరియేటరు ఎప్పుడు వేయాలో
పితాని ధనరాజు చెప్పాడు.
ఉందుర్తి మాణిక్యాంబ చెప్పింది తప్పు.
ఎందుకు తప్పో తేల్చుకునేసరికి బెల్లు కొట్టేశారు.
సిలబస్ రెండు చాప్టర్లు వెనకబడింది.
ప్రిన్సిపాల్ గారు కబురు పెట్టారు.

అంతా బాగుపడిపోయిందని చెప్పను.
సెమిస్టరు పరీక్షలో మీన్ వేల్యూ సిద్ధాంతం వచ్చింది.
దీవెన గేజి రాయి బొమ్మ వేసింది.
రెండు రీడింగుల మధ్య ఏదో ఒక క్షణాన
నీళ్ళు సరిగ్గా సగటు వడిలో ఉండి తీరతాయని రాసింది.
ఎవరు దిద్దారో, పదికి రెండు.
గట్టు తెగకుండా పాసైంది.

రాజమండ్రిలో వేల్యుయేషన్.
నా ముందు వేరే ఊరి కట్ట.
ఒక పేపర్లో సూత్రం ఉంది, మెట్లన్నీ ఉన్నాయి,
జవాబు కింద స్కేలు పెట్టి గీత కొట్టాడు.
పదికి పది వేశాను, వేయక తప్పదు.
బీడీ ఎప్పుడు వెలిగించాలో
ఈ పిల్లాడికి తెలుసా అని
అటు తిప్పాను, ఇటు తిప్పాను.
ఆ కాగితంలో ఎక్కడా లేదు.