పన్నెండు దగ్గర ఖాళీ

రుషికొండ మీద, ఏడో అంతస్తులో
నా కోడ్‌కి పనివాళ్ళున్నారు.
వాడి పడేసిన వాటిని
చెప్పకుండా వచ్చి ఊడ్చుకుపోతారు.
గీత దాటి చెయ్యి పెడితే
అరిచి ఆపేస్తారు.
నిద్రపోతున్న వస్తువుల్ని
ఈ గదిలోంచి ఆ గదిలోకి జరుపుతారు కూడా.
తొమ్మిదేళ్ళు
తిన్న కంచం తీయని పిల్లలా
బతికేశాను.

పోర్టు క్రేను పని ఒప్పుకున్నాక తెలిసింది
గట్టు దిగితే
ఎవరూ ఊడ్వరని.

అక్కడున్నది పాత లైబ్రరీ, సి భాషలో రాసింది,
నాకంటే రెండేళ్ళు చిన్నది.
దానికి పేర్లు అక్కర్లేదు.
మొదలు నుంచి ఎంత దూరం, ఎంత పొడవు,
అంతే అడుగుతుంది.
పెట్టినది నిజమో కాదో
చూడదు.

ముందు లంగరు వెయ్యడం నేర్చుకున్నాను.
ఇవతలి వస్తువు జరిగిపోకుండా
ఒకచోట బిగించి
అప్పుడు కదా దాని చిరునామా అవతలివాడికివ్వాలి!
డాల్ఫిన్ నోస్ దాటాక
బెర్తు కోసం కాచుకున్న ఓడలు
ఊగుతూ కూడా ఎందుకు కదలవో
కిటికీలోంచి కొత్తగా అర్థమైంది.

తర్వాత అంకెని తిరగేసి దించడం,
చిన్న ముక్క ముందు, పెద్ద ముక్క వెనక.
ఆఖరికి, అడిగి పుచ్చుకున్న చోటు
నా చేత్తో నేనే తిరిగిచ్చెయ్యడం.
చేబదులు లాంటిదే.
మర్చిపోతే ఎవరూ అడగరు,
బాకీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే:
కోరాడ అప్పలస్వామి గారి నోటుబుక్కు, జిరాక్సు కాపీ.
మెకానికల్ సెక్షన్లో రిటైరై ఆరేళ్ళు.
సున్నా దగ్గర స్థితి. నాలుగు దగ్గర బరువు.
ఎనిమిది దగ్గర బూమ్ కోణం.
పన్నెండు దగ్గర ఖాళీ.
పదహారు దగ్గర గాలి వేగం.

ఎత్తిన పెట్టెల లెక్క దాచుకోడానికి
నాకు నాలుగు బైట్లు కావాలి.
ఖాళీ కనిపిస్తే
ఎవరి చెయ్యి మాత్రం ఊరుకుంటుంది?
రాశాను.
ఎవరూ అరవలేదు.

మంగళవారం పొద్దున్న
నాలుగో పెట్టె గాల్లో ఉండగా సైరన్.
క్రేను నడిపే పోలారావు
పెట్టెని మెల్లగా దించి, తనూ నిచ్చెన దిగొచ్చి
ఆకాశం కేసి చూశాడు. మబ్బు తునకైనా లేదు.
లారీలు గేటు దాకా ఆగిపోయాయి.
టీ కొట్టువాడికి మాత్రం
బోణీ బాగుంది.

అప్పలస్వామి గారు మోపెడ్ మీద వచ్చారు.
నా స్క్రీను చూడలేదు,
కళ్ళజోడు తుడుచుకుని జిరాక్సు కాయితం చూశారు.
"పన్నెండులో ఏటెట్టావమ్మా?"
"మూడు. ఇప్పటికి ఎత్తిన పెట్టెలు."
"గాలి ఎంతుంది?"
"తొమ్మిది."
"మరి తొమ్మిది మూడు కంటే పెద్దదే గదా,
అది అరవక ఏటి సేస్తాది?"

గాలి హద్దు అక్కడ దాచారట ఆయన.
డెబ్భై రెండు.
పేరు పెట్టాలంటే ఫైలు కదలాలి,
ఐదు సంతకాలు కావాలి.
ఆ యేడు తుపానుకి అంత టైము లేదు.

"కాలీ అని రాసుంది కదండీ"
అన్నాను, తెలీకుండానే ఆయన యాసలో.

ఆయన కన్వేయరు అవతలి బొగ్గు గుట్ట కేసి
చెయ్యి చూపించారు.
"మా పేట అక్కడే ఉండీది. డెబ్బై గడపలు.
హార్బరోళ్ళ మేపులో ఆ జాగా మీద
ఇదే మాట రాసుండీది.
కాలీ అంటే ఎవులూ నేరని కాదమ్మా,
పేరు రాయనేదని."

ఏం అనాలో తోచక
నా పెన్ను ఇచ్చాను.
రెండక్షరాలూ ఒత్తి దిద్ది
ఖాళీని గాలి చేశారు.
బొగ్గు పొడి మీద పెన్ను సరిగ్గా సాగలేదు,
గుడి దగ్గర కాయితం చిరిగింది.

పన్నెండులో డెబ్భై రెండు మళ్ళీ రాశాను,
చిన్న ముక్క ముందు.
నా లెక్కకి వేరే చోటు అడిగి తీసుకున్నాను,
షిఫ్టు అయ్యాక ఇచ్చేశాను.

పోలారావు నిచ్చెనెక్కుతూ సగంలో ఆగి
అరిచి అడిగాడు,
"ఇప్పుడు మీదున్నది ఏ గాలండీ,
లోపలిదా, బయటిదా?"