కడబంతి

ఈ ఆటలో బంతులు రెండు.
ఒకటి విసిరేది.
రెండోది, పొడుగుబల్ల మీద వరసగా కూర్చునేది.
నేను ఆ రెండో దానికి వడ్డించే మనిషిని.

మార్చి ఆఖరు. అరిజోనా ఎండ.
శిబిరం ఎత్తేసే రోజు. రేకుల గదిలో
ఏసీ నీళ్ళు బకెట్లోకి చుక్క చుక్క.
పద్దు మొత్తం పది కోట్ల డాలర్లు.
అందులో గ్రేడీ హాలరన్ ఎడమ మోచేతికే
రెండు కోట్ల ఎనభై లక్షలు.
మొదటి విస్తట్లోనే నెయ్యిగిన్నె బోర్లించేశాం.
తప్పనలేను,
టికెట్లు తెగేది ఆ చేతిని చూసే.

చిట్టచివరి గడిలో ఒక్తావియో బ్రిసెన్యో.
ముప్ఫై నాలుగేళ్ళు, సంచిలో మూడు గ్లోవులు.
ఎవరి మోకాలు బెణికితే వాళ్ళ చోటు అతనిది.
కిందటేడు నూట ఆరు ఆటలు కూర్చునే ఉన్నాడు
పొద్దుతిరుగుడు గింజలు నములుతూ,
అవతలి పిచ్చర్ మణికట్టు ఎప్పుడు బిగుస్తుందో
పక్కనున్న కుర్రాళ్ళ చెవిలో వేస్తూ.
దానికి నా పద్దులో గడి లేదు.
అతని ధర పద్నాలుగు లక్షలు.
అదే బల్ల మీద సగం ధరకి
ఒక కుర్రాడు కూర్చుంటాడు.

దీన్ని లోతు అంటారు మావాళ్ళు, జట్టు లోతు.
దిగితే తప్ప తెలియదు.

వడ్డించేవాళ్ళు మనవాళ్ళయితే
కడబంతిన కూర్చున్నా పర్లేదంటారు.
మా పిల్ల పుట్టినరోజుకి
రెండేళ్ళూ కేకు మోసుకొచ్చినవాడు.
గరిట గిన్నె అడుగున గీరుకున్న చప్పుడు
ఇద్దరం విన్నాం.
"పర్లేదు ఇలీన్" అన్నాడు,
గ్లోవులు మూడూ ఒకదాంట్లో ఒకటి దోపుకుంటూ.

ఆగస్టు. ఈరీ సరస్సు మీంచి ఉక్కగాలి.
షార్ట్‌స్టాప్‌కి తొడ పట్టేసింది,
క్యాచర్‌కి బొటనవేలు,
సగం ధర కుర్రాడికి గవదబిళ్ళలు. నిజంగానే.
ఏడో ఇన్నింగ్స్. మూడో బేస్ దగ్గర
ఎన్నడూ అక్కడ నిలబడని లెఫ్ట్‌ఫీల్డర్.
హాలరన్ చెయ్యి తన జీతం తను సంపాదించింది:
బ్యాటు అంచుకి తగిలి, నేలబారున, నిదానంగా,
పట్టుకోమని బతిమాలుతున్నట్టే వచ్చింది.
వాడి కాళ్ళ సందులోంచి పోయింది.

ఆ రాత్రే మాంటెర్రేకి ఫోను చేశాను.
ఎవరో ఎత్తారు. వెనక జనం హోరు, బాకాలు.
బ్రిసెన్యో బ్యాటింగ్‌కి వెళ్ళాడట.
మూడో నంబరట. రోజూ ఆడుతున్నాడట.
చెప్పాల్సింది ఏమైనా ఉందా అనడిగారు.
లేదన్నాను.
ఫోను మాత్రం పెట్టలేదు,
ఏం కొట్టాడో విందామని.