స్కేలు కోసం

నెలలో మొదటి ఆదివారం
హావర్‌ఫర్డ్‌వెస్ట్ మందులషాపు తాళాలు ఇంకొకరికి అప్పజెప్పి
పడమటి బస్సెక్కుతాను.
సంచిలో కెమెరా, రాత్రి మిగిలిన చపాతీలు,
చేతిలో ఎరుపూ తెలుపూ పట్టీల కర్ర.
కర్రకి టికెట్టు అక్కర్లేదని డ్రైవరు అదే జోకు వేస్తాడు.
ప్రతిసారీ నవ్వుతాను.

జిల్లా ఆఫీసు వాళ్ళు రూల్సు రాసిచ్చారు.
పాతిపెట్టిన కొయ్య గుంజ మీదే కెమెరా పెట్టాలి,
ఉత్తరం చూపించే బాణం కనపడాలి,
కర్ర నిటారుగా ఉండాలి, మనుషులు ఉండకూడదు.
సూర్యాస్తమయాల గురించి ఏమీ రాయలేదు గానీ
వద్దనే అర్థం.

తీయాల్సింది ఒక కోటని.
కోటంటే బురుజులు ఊహించుకోకండి.
గడ్డి కప్పుకున్న మూడు మట్టికట్టలు, మధ్యలో కందకాలు.
రెండువేల ఏళ్ళ కిందట ఎవరో
మూడు వైపులా సముద్రం కాపలా ఉంటుందిలే అనుకుని
నాలుగో వైపు మాత్రమే తవ్వుకున్నారు.
కంచే చేను మేయడం
ఇంత నెమ్మదిగా, ఇంత నీలంగా ఉంటుందని
నాకూ తెలీదు.

దారి టెగ్వెన్ ప్రోథెరో పొలం మీంచి.
డెబ్బై దాటి ఉంటాయి.
గొర్రెలకి నంబర్లు, కుక్కకి మాత్రం పేరు.
గేటు తీసి నాతోపాటు అంచుదాకా నడుస్తుంది,
సంచి జిప్పు చప్పుడవగానే
ఫ్రేములోంచి తప్పుకుంటుంది,
ఇంట్లో తడిగుడ్డ పెడుతుంటే పక్కకి జరిగే చుట్టంలా.

కోటని వాళ్ళ భాషలో ఏమంటారో నేర్పింది.
'ల' అనబోయి, నాలుక అక్కడే ఆపి,
పక్కలనుంచి గాలి ఊదమంది.
మన అక్షరమాలలో ఆ చప్పుడుకి గది లేదు.
ఊదాను.
కుక్క లేచి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే మొదట్లో దొంగపని చేశాను.
ఎర్రముక్కు కాకులు గాల్లో పల్టీలు కొడుతుంటే,
కింద గులకరాళ్ళ మీద సీలు పిల్ల
ఎవరో మర్చిపోయిన తెల్ల దిండులా పడుంటే
కర్రని గడ్డిలో పడేసి వాటి వెంటపడ్డాను.
బాగా వచ్చాయి. చూసినవాళ్ళంతా అబ్బ అన్నారు.
కర్ర ఫొటోలకి అబ్బ అనేవాళ్ళెవరూ లేరు.
కానీ పధ్నాలుగు నెలలవి పేర్చి
పేకముక్కల్లా బొటనవేలితో జారిస్తే
కంచె గుంజ ఒకటి అంచుకి నడుచుకుంటూ వెళ్ళింది,
ముళ్ళతీగ పట్టుకుని గాల్లో వేలాడింది,
తర్వాతి బొమ్మలో లేదు.

మా ఉప్పాడ రోడ్డుని సముద్రం ఎన్నిసార్లు మింగిందో
చిన్నప్పుడు లెక్కపెట్టుకునేవాళ్ళం, ఆటగా.
ఎవ్వరం కర్ర పాతలేదు.
ఎంత పోయిందని అడిగితే చేతులు చాపి చూపించేవాళ్ళం,
ఒక్కొక్కరి చేతులు ఒక్కో పొడవు.

ఫిబ్రవరిలో గాలి.
రాళ్ళు పేర్చి నిలబెట్టాను, కర్ర పడింది.
మడమతో తొక్కి దిగేశాను, పడింది.
టెగ్వెన్ ఏమీ అనకుండా వచ్చి
పట్టుకుంది.
ఫ్రేము మధ్యలో నీలం రెయిన్‌కోటు,
ఎటు పడితే అటు ఎగిరే తెల్ల జుట్టు,
నా వైపు కాదు, అంచు వైపు చూపు.
"మా నాన్న అక్కడ బంగాళదుంపలు వేసేవాడు" అంది,
రెండో చేత్తో చూపించింది.
అక్కడ
సముద్రపు పక్షి ఒకటి రెక్క కదపకుండా తేలుతోంది.

ఆఫీసు నుంచి మర్యాదైన ఉత్తరం:
మనిషిని కత్తిరించి పంపగలరా?
కత్తిరించాను. కోటు పోయింది, జుట్టు పోయింది,
కర్ర చుట్టూ బిగుసుకున్న నాలుగు వేళ్ళు మాత్రం ఊడిరాలేదు.
వాటిని తీస్తే పట్టీలు పోతాయి,
పట్టీలు పోతే కొలత.
వివరాల గడిలో రాశాను:
కర్ర, రెండు మీటర్లు.
వేళ్ళు, ప్రోథెరో.
అంచు, నిరుటికంటే ఒక గొర్రె పొడవు లోపలికి.

మార్చిలో గాలి లేదు.
కర్ర దానంతటదే నిలబడింది.
జిప్పు చప్పుడైంది. టెగ్వెన్ పక్కకి జరగలేదు,
గ్లౌజు తీసి జేబులో పెట్టుకుని
వచ్చి పట్టుకుంది.