ముప్పై నాలుగో పెట్టె

వాన వెలిసిన మంగళవారం.
నది ఇంకా మట్టిరంగులోనే ఉంది.
వీపుసంచిలో డజను కోడిగుడ్లు, ఒక స్క్రూడ్రైవరు,
తడికి ఉబ్బిపోయిన లెక్కల పుస్తకం.

గుడ్లను కాపాడ్డానికి గుడ్డునే ఎర పెడతాం.
మొదట్లో ఈ మాట చెప్పి
బారులో నలుగురినీ నవ్వించేవాణ్ణి.

ఏటి పొడవునా చెక్కపెట్టెలు,
పిల్లలు బొమ్మలు దాచుకునేంతవి. లోపల ఉక్కు స్ప్రింగు.
ముప్పై మూడు దాకా ఖాళీ, ఒక్క ఎలుక తప్ప.
ముప్పై నాలుగులో స్టోట్.
ముంగిసలో సగముంటుంది ఒళ్ళు,
తోక కొసన సిరాలో ముంచి తీసినంత నలుపు.
బాధపడి ఉండదు. ఆ స్ప్రింగు అంత మంచిది.

తీసి పక్కన పెట్టబోతే
పొట్టకింద బొచ్చు తడిసి, అతుక్కుపోయి ఉంది.
వేలితో అద్దాను.
పాలు.
ఇంకా గోరువెచ్చగా.

గొర్రెపిల్లల మాంసం ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను.
షిఫ్టుకు ఎన్నో చెప్పను.
ఇంటికొచ్చి కడుపునిండా తినేవాణ్ణి.

ఇదీ చెప్పాలి:
పోయినేడు ఈ వంపులోనే నీలిబాతును చూశాను.
పొదుగుతున్నది పొదుగుతున్నట్టే ఉంది,
మెడవెనక రెండు పంటిగాట్లు,
కింద ఐదు గుడ్లు, ఏటిరాళ్ళంత చల్లగా.
పారిపోవచ్చు కదా, రెక్కలున్నాయి కదా.
పోలేదు.
ఆ రోజే వెళ్ళి పేరిచ్చి ఈ పుస్తకం తెచ్చుకున్నాను.

స్టోట్‌ని ఓడలో తెచ్చింది మా ముత్తాతలే,
కుందేళ్ళను చంపమని.
కుందేళ్ళను తెచ్చిందీ వాళ్ళే,
ఆదివారాలు తుపాకీతో పొద్దుపుచ్చడానికి.
పిలవని చుట్టం ఎవరని ఈ లోయలో నన్నడక్కండి,
ఎండ తగిలితే కందిపోయే తోలు నాది.

పుస్తకంలో నాలుగు గళ్ళు:
తేదీ, పెట్టె, జంతువు, ఎర.
పాలకు గడి లేదు.

మధ్యాహ్నమంతా వెతికాను,
నాచు పట్టిన వేళ్ళకింద, కూలిన మానుల బొరియల్లో,
మోకాళ్ళమీద, డెబ్భై రెండేళ్ళవాణ్ణి.
దొరికితే ఏం చేసేవాణ్ణి? దాచను.
గుడ్ల డబ్బా ఖాళీ చేసి అందులో వేసుకుని
ఏటి దగ్గర చదునురాయి చూసుకుని
ఒక్కొక్కదాన్నీ, తొందరగా.
చేతులకు అలవాటే.
కళ్ళు తెరవని వాటికి అదే దయ.
ఆ మాట పైకి అని చూశాను.
అడవిలో ఎవరూ కాదనలేదు. అవుననీ అనలేదు.

ఒకచోట సన్నగా కీచుమంది.
చెవి నేలకు ఆనించాను.
నీళ్ళు. వేళ్ళకింద పారుతున్న నీళ్ళు.

చీకటి పడుతుంటే ట్రక్కు దగ్గర హురియానా కూర్చునుంది.
ఈ నది వాళ్ళ తాతల నది, ఈ పెట్టెలు ఆమె పెట్టించినవి.
పుస్తకం తిరగేసింది.
"ముప్పై నాలుగులో గుడ్డు మార్చావా?"
"మార్చాను."
నా మోకాళ్ళ మట్టి చూసింది. ఏమీ అడగలేదు.
ఫ్లాస్కులోంచి టీ వంచింది.
పాలు వద్దన్నాను.

తల్లి రాకపోతే అవి ఎన్నాళ్ళుంటాయో
ఆమెకు తెలిసే ఉంటుంది. నేనడగలేదు.
మూడు రాత్రులని నా అంతట నేనే అనుకున్నాను.
మొదటి రాత్రి రేకులమీద వాన.
రెండో రాత్రి వాన కూడా లేదు.
మూడో రాత్రి లేచి గుమ్మంలో కూర్చుంటే
వంపు దగ్గర మగబాతు ఈల వేసింది,
కాసేపటికి ఆడబాతు బొంగురుగా బదులిచ్చింది.
రెండున్నాయి. ఇంకా రెండున్నాయి.
దీనికోసమే కదా అనుకున్నాను,
అనుకుని అక్కడే కూర్చున్నాను, కాళ్ళు తిమ్మిరెక్కేదాకా.

నాలుగో రాత్రి ఒళ్ళు తెలియని నిద్ర.
పొద్దున్నే లేచి,
అంత నిద్ర ఎలా పట్టిందా అని భయమేసి,
కోటు తొడుక్కుని
ఇంకో డజను గుడ్లు కొనడానికి వెళ్ళాను.