నాలుగో నంబరు వీపు

ఓదెలు మొఖం కంటె
ఓదెలు వీపే నాకు ఎక్కువ తెలుసు.
పదకొండేండ్లు దాని వెనుకాలనే నిలబడ్డ,
రెండు కర్రల నడుమ, చిరిగిన గ్లౌజులతోటి.
చెమటకు అంచులు ఊడిన నాలుగో నంబరు.
ఎడమ భుజం కొంచెం వాలిందంటే
బంతి కుడి దిక్కు నుంచి వస్తున్నట్టు.
మెడ మీద నరం లేచిందంటే
నేను రెండడుగులు ముందుకు జరగాలె.
మాటల్లేవు. బల్లార్షా గాలిల
పేపరు మిల్లు కంపుకు నోరు తెరవబుద్ధి గాదు.

మాది బొగ్గుబాయి టీము.
గ్రౌండంతట కలిపి గడ్డి ఒక్క మూలకే,
కార్నరు జెండ కాడ, నల్లా కారే జాగల.
మిగిలిందంత నల్ల దుమ్ము.
జారి అడ్డం పడితే తొడ మీద తోలు లేచేది,
లోపల బొగ్గు నిలిచి మచ్చయ్యేది.
వాడు నీళ్లు పోసుకునేటప్పుడు ఒకసారి లెక్కబెట్టిన:
పదిహేడు.
పదిహేడు గోల్స్ అనుకోరాదు, పడనివి.
పడని గోలుకు స్కోరు బుక్కుల గడి లేదు,
నాగపూర్‌ల గూడ లేదు, యాడ గూడ లేదు.

ఒక వానకాలం కలకత్త క్లబ్బోళ్లు తీస్కపోయిండ్రు.
మైకుల పేరు చదివెటాయన 'ఓడేల్' అన్నడట,
జనం బయటి దేశపోడు అనుకున్నరట.
కార్డు రాసిండు:
'ఈడ అంతట గడ్డే అన్నా.
పడితే దెబ్బ తెలుస్తలేదు.
అందుకే ఎక్కువ పడుతున్న.'
ఆ ఏడు నా ముందర ఇంకెవరో నిలబడ్డరు.
నా వల ముప్పై ఒక్కసారి కదిలింది.
గోలీ ముసలోడైండు అన్నరు అందరు.
నేనేమనలే.

రెండో సీజనుల మోకాలు పోయింది.
ఇంటికొచ్చిండు, ఒక ట్రంకు పెట్టె,
మోకాలికి గుడ్డ పట్టి, కొద్దిగ బెంగాలి.
రాత్రి షిఫ్టుల లాంపు రూము డ్యూటీ ఇచ్చిండ్రు.
బాయిల దిగెటోళ్లకు దీపాలిచ్చి
టోకెన్లు లెక్కవెట్టుడు, ఎక్కినంక మళ్ల లెక్కవెట్టుడు.
ఒక్క టోకెను తక్కువైతే నిద్రపోడు.
పొద్దుగూకంగ పిల్లల్ని పోగేసిండు.

తెలుగుల లెక్కిస్తడు, మరాఠీల తిడ్తడు.
ఒక్కడు గూడ వెనుక ఆడుతనన్లే,
అందరికీ ముందరే కావాలె.
'బంతి అబద్ధమాడుతది,' అంటడు ఓదెలు,
'కాళ్లు ఆడుతయ్, కండ్లు మస్తు ఆడుతయ్.
నడుము ఆడది. నడుము చూడుండ్రి.'
రాజురా నుంచి సైకిలు మీద వచ్చే
అశ్విని మడావి ఒక్కతి ఇన్నది.

మొన్న ఆదివారం మ్యాచికి పోయిన.
ఇటు దిక్కు వల వెనుక కూసున్న.
అటు గీత మీద ఓదెలు, నా దిక్కే మొఖం పెట్టి.
ఆట నడుస్తుంటే ఆ మొఖం చూసుడు
నాకదే మొదటిసారి.

భయం.
పెదవులు కొరుక్కుంటున్నడు, గుటకలు మింగుతున్నడు,
బంతి లేస్తే చాలు కన్ను అదురుతున్నది.
వీపు ఎంత నింపాదిగ ఉండేది!
ఆ పదకొండేండ్లు గూడ
ముందర ఇదే మొఖముండెనా?
దాన్ని చూసుకుంటనే వాళ్లు ఉరికొచ్చిండ్రా?
అడుగుదామనుకున్న. అడుగలే.

చివర్ల చంద్రపూర్ పిలగాడొకడు
అందరిని దాటి ఒంటరిగ వచ్చిండు.
అశ్విని పక్క నుంచి జారింది, దుమ్ము లేచింది,
బంతి బయటికి పోయింది, ఆమె మోచెయ్యి నల్లగ, ఎర్రగ.
ఎవ్వరు చప్పట్లు కొట్టలే.
గోలేం పడలేదు గద.
ఓదెలు జేబులకెల్లి లాంపు రూము చిట్టా తీసి
పెన్సిలు నాలుకకద్దుకొని ఏదో గీకిండు.
తర్వాత చూసిన:
టోకెన్ల గడిల, 'మడావి, డెబ్బై ఎనిమిదో నిమిషం'.

నేను లేచి వల సందుల నుంచి
గోలీ పోరగాని చెవిల చెప్పిన:
బంతి కోసం ఎదురుచూడకు బిడ్డా,
ఆ పిల్ల మెడ చూడు.
ఏ మెడ? అన్నడు.
గదే, నీ ముందరున్నది.