కొండెక్కించు

ఆ సినిమా పోస్టరు కూడా ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.
డబ్బింగు బొమ్మ. మూడు వారాలు ఆడింది.
చుక్కల మధ్య పోయే నౌకలో, గోడకి ఒక పెట్టె,
ఎనిమిది మూలలు, మధ్యన ఏడు పచ్చ కళ్ళు,
పలికినప్పుడు ఒక్కొక్కటే వెలిగేవట.
కొలతలకి నాకున్న ఆధారం
నాంచారత్త ఒక్కతే.

గవర్నరుపేట హాల్లో నేల గేటు దగ్గర
టార్చిలైటు పట్టుకుని నిలబడి
రోజుకి నాలుగాటలు, ఇరవయ్యొక్క రోజులు
చూసింది. చూడడమంటే, తలుపు సందులోంచి.
"హీరో చివరికి బతికాడా అత్తా?" అంటే
"ఏమో, ఆ టైముకి చీట్లు లెక్కెట్టుకునేదాన్ని."
కథ తెలీదు, పెట్టె తెలుసు.
"కుడి చేతి కింద మూల చిన్న సొట్ట.
అది లేకపోతే ఇది అది కాదు."

వన్‌టౌన్ స్టీలు కొట్లో ఏడు గుంటల ఇడ్లీ రేకు.
ఒక్క రేకు ఇవ్వరు, సెట్టు కొనాలి.
మిగిలిన మూడింట్లో పొద్దున్నే ఇడ్లీలు వేసుకుంటున్నాం.
రేకుల పని ఆటోనగర్లో,
రంగు బాజీ చేతి మీద, లారీలకి నెమళ్ళు దించే చెయ్యి.
"పాతదాన్ని కొత్తగా చెయ్యమంటే చేస్తా,
ముప్పయ్యేళ్ళుగా అదే తిండి.
కొత్తదాన్ని పాతగా చెయ్యమంటావేందమ్మా!"
చేశాడు, గొణుక్కుంటూ, మసిగుడ్డతో.
సొట్టకి మాత్రం సుత్తి అత్త చేతికే ఇచ్చాం.
ఒక్కటే దెబ్బ.
బాజీ బ్రష్షు కింద పెట్టి చూశాడు.

లోపలంతా ఇప్పటి సరుకే:
చింతగింజంత మైకు, నాలుగు రిలేలు, అరచేతి కంప్యూటరు.
పిలుపు సినిమాలోది, "యంత్రమా!"
గొంతు బరువు చేసుకుని పిలవాలి.
"యంత్రమా! పంకా తిప్పుము!"
తిప్పింది. కానీ మా సందులో అలా ఎవరు మాట్లాడతారు?
ఫ్యానెయ్యి, లైటెయ్యి, మోటారు కట్టెయ్యి,
మిక్సీ గోలలో, కూరగాయల బండి మైకులో
రెండొందల సార్లు నేర్పాను.
కొన్నాళ్ళు ఆ బండి "దోసకాయ్" అన్నప్పుడల్లా
మా హాల్లో ట్యూబులైటు వెలిగేది.

ఆర్పడం దగ్గర ఆగింది పని.
"లైటు ఆర్పు, అను అత్తా."
అనదు.
"సందేళ ఆ మాట నోట రాదే."
"పోనీ పొద్దున అను."
"పొద్దునైతే మటుకు?
హాల్లో కూడా టార్చి మీద అరచెయ్యి మూసేదాన్ని గాని
ఆ మాట అన్లేదు ఎప్పుడూ."

సరే, యంత్రానికేం పట్టింపు,
ఏది నేర్పితే అది.
ఆదివారం కూర్చోబెట్టి పదిహేడు సార్లు ఆమె గొంతు ఎక్కించాను:
కొండెక్కించు. కొండెక్కించమ్మా.
కొండెక్కించవే తల్లీ.
మూడోది తనే కలిపింది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి, సీరియల్ అయ్యాక,
కుచ్చిళ్ళు సర్దుకుని పెట్టెకి ఎదురుగా నిలబడి
"యంత్రమా" అంది, గేటు దగ్గరి గొంతుతో,
"కొండెక్కించవే తల్లీ."
ఏడు కళ్ళూ ఒక్కొక్కటే వెలిగాయి.
టక్కుమంది.
గదంతా చీకటి.
కిటికీలో మొగల్రాజపురం కొండ,
మెట్లు మెట్లుగా ఇళ్ళు, ఇంటికో దీపం.
మాది ఇప్పుడే వెళ్ళి ఆ వరసలో
ఎక్కడో సర్దుక్కూచున్నట్టుంది.
అత్త ఏమీ అనలేదు. అటే చూస్తూ
అలవాటుగా కుడి అరచెయ్యి ముడిచింది,
అందులో టార్చి ఉన్నట్టు.

కాసేపటికి ఇద్దరికీ చెమటలు.
మే నెల. ఫ్యాన్ని కూడా కొండెక్కించేసింది.
ఆ ముక్క రేపు దిద్దాలి.